లాప్‌టాప్ స్క్రీన్‌లో నిలువు గీత. వారంటీ ఉంది, సర్వీస్ సెంటర్ వాళ్లు “ఫిజికల్ డ్యామేజ్” అంటున్నారు

తెనాలి_ఆల్బమ్స్ | జులై 29, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. పోయిన సెప్టెంబరు 14న 78 వేలు పెట్టి 15.6 అంగుళాల లాప్‌టాప్ కొన్నాను. రంగులు బాగా చూపిస్తుందని ఆ మోడలే ఏరి మరీ తీసుకున్నా. ఏడాది వారంటీ. మొన్న ఆదివారం పొద్దున్న ఆన్ చేస్తే కుడి అంచుకి నాలుగు వేళ్ల దూరంలో పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ గీత. వెంట్రుక మందాన ఉంది. ముందు రోజు రాత్రి మూత వేసేటప్పుడు లేదు.

నిన్న బెజవాడ సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాను. టోకెన్ 31. గంటన్నర కూర్చోబెట్టారు. కౌంటర్ కుర్రాడు సెల్‌ఫోన్ టార్చ్ వేసి అంచులన్నీ తడిమాడు. మూత ఎడమ మూల బియ్యపు గింజంత నొక్కు కనిపించింది. అంతే, “సార్, ఇది సీఐడీ” అన్నాడు. నాకు ముందు పోలీసులు గుర్తొచ్చారు. కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్ అంట, అంటే మన చేతులారా చేసుకున్నదన్నమాట. స్క్రీన్ 14,800, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 17,464 అని కాలిక్యులేటర్ మీద కొట్టి చూపించాడు. “గీత కుడివైపు, నొక్కు ఎడమవైపు కదా బాబూ” అంటే “షాక్ ట్రాన్స్‌ఫర్ అవుద్ది సార్” అన్నాడు.

శ్రావణం మొదలైంది. మూడు ఆల్బమ్‌లు చేతిలో ఉన్నాయి. డబ్బు కట్టేయమంటారా, పోట్లాడమంటారా?

హన్మకొండ_పోరడు | జులై 29, రాత్రి 10:52

అన్నా, జాబ్ షీట్, గదే నువ్వు సిస్టం దెచ్చినవని రాసిచ్చే కాయితం, ఇచ్చిండా లేదా? గది జెప్పు ముందు.

తెనాలి_ఆల్బమ్స్ | జులై 29, రాత్రి 10:55

లేదు. డబ్బు కడతానంటేనే షీట్ తీస్తానన్నాడు.

హన్మకొండ_పోరడు | జులై 29, రాత్రి 11:01

అయితే నువ్వు అసలు పోనే పోలేదన్నట్టే లెక్క. వాళ్ల సిస్టంల నీ పేరే ఉండది. రేపు మాపు కంపెనీకి ఫోన్ జేస్తే “మీరు ఎప్పుడొచ్చిన్రు సార్” అంటరు. నాకు గిట్లనే అయింది. రెండుసార్లు తిరిగినంక తెల్సింది. మళ్లపోయి షీట్ రాయించుకో. కాదన్నా సరే, కాదని రాసియ్యమను.

పాత_టెక్నీషియన్ | జులై 30, ఉదయం 6:20

తమ్ముడూ, పదకొండేళ్లు బెంచి మీద పనిచేసి మానేసినవాణ్ణి. గొడవకి దిగేముందు గీత ఎక్కడినుంచి వస్తోందో నువ్వే తేల్చుకో. పావుగంట పని.

ముందు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపించుకో. ఆ బొమ్మలో గీత కనిపిస్తే గ్రాఫిక్స్ వైపు తప్పు. కనిపించకపోతే బొమ్మ బాగానే తయారవుతోంది, అద్దం దగ్గరో వైరు దగ్గరో తేడా కొడుతోందన్నమాట. తరవాత హెచ్‌డీఎంఐ వైరుతో ఇంట్లో టీవీకి కలుపు. టీవీలో గీత రాదనే అనుకుంటున్నా. ఆ తరవాత షట్‌డౌన్ చేసి బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి చూడు. అక్కడా గీత ఉంటే విండోస్‌ని అనడానికి లేదు. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లకి స్క్రీన్ తన్ను తాను పరీక్షించుకునే సెల్ఫ్ టెస్ట్ కూడా ఉంటుంది. పవర్ నొక్కేటప్పుడు ఏదో ఒక కీ పట్టుకోవాలి, ఏ కీ అనేది మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు వరసగా నిండా వస్తాయి. ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో తీయి. మొదట్లో సీరియల్ నంబరు స్టిక్కర్ చూపించి మొదలుపెట్టు.

చివరగా మూత నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఆడించు. గీత వచ్చిపోతుంటే మూత తిరిగే హింజ్ గుండా వెళ్లే డిస్‌ప్లే కేబుల్ నలిగి ఉంటుంది. ఎంత ఆడించినా కదలకుండా ఉంటే ప్యానెల్, అంటే స్క్రీన్ పలక అంచున ఉండే బాండింగ్ ఊడినట్టు. అద్దం మీద సన్నటి దారాల్లాంటి లైన్లు ఉంటాయి, ఒక్కో నిలువు వరసకి ఒక్కోటి. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అంటే అడ్డంగా 1920 పిక్సెళ్లు. ఒక్కో దాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు మూడేసి. అంటే 5,760 నిలువు లైన్లు. వాటిని నడిపే డ్రైవర్ చిప్‌కి కలిపేది కరెంటు పారే జిగురు పొర. ఆ 5,760లో ఒక్క లైను దగ్గర జిగురు పట్టు వదిలితే నీకొచ్చిన గీతే వస్తుంది. ఒక్క రంగు, పైనుంచి కిందిదాకా, వెంట్రుక మందం.

దెబ్బ తగిలితే అలా ఉండదు. దెబ్బ పడ్డ చోటు నుంచి సాలెగూడులా పగులు పాకుతుంది, పక్కన సిరా ఒలికినట్టు నల్లమచ్చ వస్తుంది. గదిలో లైటు ఆర్పి, స్క్రీన్ ఆపేసి, టార్చ్ పక్కవాటంగా వేస్తే ఆ పగులు కనిపిస్తుంది. నీ దాంట్లో పగులు లేకపోతే ఆ కుర్రాడి “షాక్ ట్రాన్స్‌ఫర్” మాట కాఫీలో ఉప్పు వేసినట్టే.

కౌంటర్_అవతల | జులై 30, ఉదయం 9:15

పాత టెక్నీషియన్ గారూ, మీరు చెప్పింది చాలావరకు నిజమే. ఒక్క మాట. బ్యాగులో ఛార్జర్ ఇటుక స్క్రీన్ మీద ఒత్తుకుని, పగులు లేకుండానే బాండింగ్ ఊడినవి నేను వారానికొకటి చూస్తున్నాను. నేను ఇప్పటికీ కౌంటర్ ఇవతలే ఉన్నాను కాబట్టి పేరు చెప్పను.

కుర్రాణ్ణి తిట్టేముందు ఇదీ వినండి. మా సెంటర్‌లో అయితే ఫొటోలు పైకి పంపాలి, పైవాళ్లు ఒప్పుకుంటేనే పార్ట్ వస్తుంది. నొక్కున్న సిస్టంని వారంటీ కింద పంపి, తరవాత ఆడిట్‌లో బయటపడితే పార్ట్ ఖర్చు మా సెంటర్ మీద రాస్తారు. అందుకే నొక్కు కనిపించగానే సీఐడీ అనేయడం మాకు సేఫ్. న్యాయం అనట్లేదు, జరిగేది చెబుతున్నా.

తెనాలి గారూ, మీరు చేయాల్సింది ఆ నొక్కుకీ గీతకీ సంబంధం లేదని చూపించడం. నొక్కు ఎప్పుడు పడిందో గుర్తుందా?

డల్లాస్_బాబాయ్ | జులై 30, ఉదయం 9:48

ర్యామ్ ఏమైనా మార్పించావా? నేను మా మేనల్లుడికి ఇక్కడినుంచి పంపిన లాప్‌టాప్‌కి హైదరాబాద్‌లో ఇలాంటి సాకే చెప్పారు, ర్యామ్ కోసం వెనక మూత విప్పారు కాబట్టి వారంటీ పోయింది అని. ఇక్కడ అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఉంది. మా పార్టే వాడాలి, మా దగ్గరే చేయించాలి అనే షరతుతో కంపెనీ వారంటీ కట్టిపడేయకూడదు. “స్టిక్కర్ చించితే వారంటీ రద్దు” అని అంటించినందుకు 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 6 కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు రాసింది.

అక్కడ ఆ చట్టం చెల్లదనుకో. మా వాడికి ఇంకో తంటా కూడా వచ్చింది. లాప్‌టాప్ అమెరికాలో కొన్నాం కాబట్టి ముందు వెబ్‌సైట్‌లో దాన్ని ఇండియాకి మార్చుకోవాలన్నారు. దానికే 3 వారాలు. ఊరికి పంపేవాళ్లు కొనేటప్పుడే ఇంటర్నేషనల్ వారంటీ ఉందో లేదో చూసుకుని, బిల్లు స్కాన్ చేసి దాచుకోండి.

తెనాలి_ఆల్బమ్స్ | జులై 30, మధ్యాహ్నం 1:30

బాబాయ్ గారూ, ర్యామ్ ముట్టుకోలేదు.

పాత టెక్నీషియన్ గారు చెప్పినవన్నీ చేశాను. స్క్రీన్‌షాట్‌లో గీత లేదు. టీవీలో లేదు. బయాస్‌లో ఉంది. సెల్ఫ్ టెస్ట్‌లో ఎరుపు, నీలం, నలుపు వచ్చినప్పుడు ఆకుపచ్చ గీత వెలుగుతూనే ఉంది, నిండా ఆకుపచ్చ వచ్చినప్పుడు మాత్రం అందులో కలిసిపోయింది. మూత ఆడించినా కదల్లేదు. టార్చ్ వేసి మా ఆవిడా నేనూ అరగంట వెతికాం, పగులు లేదు. దుమ్ము మాత్రం దండిగా ఉంది.

నొక్కు ఎప్పుడు పడిందో గుర్తులేదు. ఎప్పట్నుంచో ఉందనిపిస్తోంది కానీ రుజువేముంది?

కడప_అక్క | జులై 30, మధ్యాహ్నం 2:05

నీకు దినామూ ఫొటోలతోనే పని కదప్పా. నీ టేబుల్ మీద ల్యాప్‌టాప్ ఉన్న పాత ఫొటో ఒక్కటి కూడా ఉండదా? పుట్టినరోజో, పండగో. వెతుకు.

లా_పాయింట్ | జులై 30, రాత్రి 8:10

చట్టం సంగతి నేను చెబుతాను. వృత్తిరీత్యా అడ్వొకేట్‌ని, గుంటూరు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. మీది ఇంకా అంతదాకా రాలేదు. ముందు జాబ్ షీట్, తరవాత కంపెనీకి ఈమెయిల్, తరవాత 1915. అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. తీర్పు ఇచ్చే అధికారం వాళ్లకి లేదు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. ఫిర్యాదు నేరుగా కంపెనీ పైఆఫీసులో తేలుతుంది కాబట్టి కౌంటర్‌లో ఆగిపోయిన చాలా కేసులు అక్కడే కదులుతాయి.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న ఊళ్లోనో కంపెనీ ఉన్న ఊళ్లోనో వేయక్కర్లేదు, మీరు నివసించే చోటో పనిచేసే చోటో వేసుకోవచ్చు. ఈ సౌకర్యం 34వ సెక్షన్‌తో వచ్చింది. మీకైతే గుంటూరు. చెల్లించిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, ఇది నా కడుపు కొట్టుకునే మాటే అయినా నిజం. 2025 జనవరి 1న మొదలైన ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయవచ్చు. గడువు 2 ఏళ్లు.

ఒక ఇబ్బంది ముందే చెబుతున్నా. తయారీ లోపమా, దెబ్బా అనేది చూడగానే తేలకపోతే కమిషన్ వస్తువుని ల్యాబ్‌కి పంపవచ్చు, ఆ రుసుము ముందు మీరే కట్టాలి. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో, లేనిది 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాయిదాల సంగతి మీకు నేను చెప్పాలా? అందుకే హెల్ప్‌లైన్ దగ్గరే ముగించడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యం, సెప్టెంబరు 14 లోపు ఫిర్యాదు లిఖితంగా నమోదు కావాలి. బాగు చేయడం తరవాత జరిగినా ఫర్వాలేదు.

బీటెక్_బ్యాక్‌లాగ్ | జులై 30, రాత్రి 9:30

మధ్యలో దూరుతున్నా, సారీ. నాది కొత్త లాప్‌టాప్, 12 రోజులు. ఒకే ఒక్క తెల్లచుక్క. మారుస్తారా?

పాత_టెక్నీషియన్ | జులై 30, రాత్రి 9:44

ఒక్క చుక్కకి మార్చడం కష్టం. ఫుల్ హెచ్‌డీ అంటే 20,73,600 పిక్సెళ్లు. ఐఎస్‌ఓ 9241-307 అని ప్రమాణం ఉంది, చుక్కలున్న స్క్రీన్లని తరగతులుగా విడదీస్తుంది. ఎన్ని చుక్కలకి మార్చాలనేది ఒక్కో కంపెనీ తన విధానంలో రాసుకుంటుంది. నీ కంపెనీది చదువు. ఆన్‌లైన్‌లో కొని ఉంటే వాపసు గడువు మిగిలుందేమో చూసుకో, ఆ దారే దగ్గర. వేరే చర్చ తెరువు బాబూ, ఇక్కడ తెనాలి వాడి పెళ్లి జరుగుతోంది.

తెనాలి_ఆల్బమ్స్ | జులై 31, సాయంత్రం 6:15

కడప అక్కా, నీ నోట్లో చక్కెర పొయ్య!

ఫోన్‌లో వెతికితే సంక్రాంతి నాటి ఫొటో దొరికింది. మా పాప ముగ్గు గిన్నె పట్టుకుని నిలబడింది, వెనక టేబుల్ మీద మూత మూసిన లాప్‌టాప్. జూమ్ చేస్తే ఎడమ మూల అదే బియ్యపు గింజ. ఫొటో వివరాల్లో జనవరి 14, ఉదయం 7:52 అని ఉంది. అంటే నొక్కు పడి ఆరు నెలలు దాటాక గీత వచ్చింది.

ఇవాళ మళ్లీ బెజవాడ వెళ్లాను. ఈసారి ముందు షీట్ అన్నాను. తటపటాయించి ఇచ్చారు. “కాస్మెటిక్ కండిషన్” గడిలో “డెంట్ ఆన్ లిడ్” అని రాసి, “ప్యానెల్ డ్యామేజ్” అని కూడా రాయబోతుంటే ఆపాను. “నువ్వు చూసింది నిలువు గీత, అదే రాయి తమ్ముడూ, కారణం తరవాత సంగతి” అన్నాను. రాశాడు. లాప్‌టాప్ మాత్రం అక్కడ పెట్టలేదు, టీవీకి కలుపుకుని పని నడుపుతున్నా. పెళ్లికూతురు 43 అంగుళాలు ఉంది మా హాల్లో.

హన్మకొండ_పోరడు | జులై 31, సాయంత్రం 6:40

గట్లుండాలె అన్నా. షీట్ మీద ఏం రాస్తున్నరో చదవకుండ సంతకం పెడితే మనమే ఒప్పుకున్నట్టయితది.

తెనాలి_ఆల్బమ్స్ | ఆగస్టు 8, రాత్రి 9:20

కంపెనీకి మెయిల్ పెడితే మూడు రోజులకి “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం” అని, “సెంటర్ నిర్ణయమే తుదిది” అని వచ్చింది. 4వ తేదీ 1915కి చేశాను. బిల్లు, జాబ్ షీట్, వీడియో లింకు, సంక్రాంతి ఫొటో అన్నీ పోర్టల్‌లో పెట్టాను. నిన్న కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. మర్యాదగా మాట్లాడారు. అడిగింది రెండే ప్రశ్నలు: ఫొటో తేదీ మార్చలేదు కదా, ఒరిజినల్ ఫైలు పంపగలరా. పంపాను. ఇవాళ మధ్యాహ్నం మెసేజ్: వారంటీ కింద ప్యానెల్ మారుస్తాం.

పాత_టెక్నీషియన్ | ఆగస్టు 8, రాత్రి 9:41

శుభం. అప్పుడే మిఠాయి పంచకు. పాత ప్యానెల్ మోడల్ నంబరు ఇప్పుడే రాసి పెట్టుకో. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మానిటర్ అనే చోట కనిపిస్తుంది. ఒకే లాప్‌టాప్ మోడల్‌లో రెండు మూడు కంపెనీల ప్యానెళ్లు వాడతారు, ఎల్‌జీ, బీఓఈ, ఏయూఓ, ఇన్నోలక్స్ ఇలా. కంపెనీ పేరు మారితే ఫర్వాలేదు, రంగుల స్థాయి పడిపోకూడదు. నీ బిల్లు మీదో మోడల్ వివరాల్లోనో “100 శాతం ఎస్‌ఆర్‌జీబీ” అని ఉంటే ఆ పేజీ దాచుకో. స్క్రీన్ ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే కొలత అది, ఎన్‌టీఎస్‌సీ అనేది అలాంటిదే ఇంకో కొలత. చౌక మోడళ్లకి వేసేది 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రకం, అది ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో సుమారు 62 శాతం.

తెనాలి_ఆల్బమ్స్ | ఆగస్టు 14, రాత్రి 11:05

మీ నోట మాట ఊరికే పోదు.

నిన్న ఇంజినీరు ఇంటికే వచ్చాడు. మూత చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్‌ని కార్డుముక్కతో టకటకా ఊడదీసి, బ్యాటరీ తీగ తప్పించి, ఇరవై నిమిషాల్లో మార్చేశాడు. గీత పోయింది. టీ తాగి వెళ్లాడు. రాత్రి ఆల్బమ్ తెరిచి కూర్చున్నా. పెళ్లికూతురు చీర కుంకుమ రంగు. ఇప్పుడు చూస్తే పెంకుటిల్లు రంగులో ఉంది. ముందు నా కళ్లే అనుకున్నా. పక్కన ప్రింటు పెట్టి చూశా. ప్రింటు కుంకుమ, స్క్రీన్ ఇటుక. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో నంబరు చూసి దాని వివరాలు వెతికితే, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ.

గీత ఉన్నా పాతదే నయం, కనీసం రంగు నిజం చెప్పేది.

కౌంటర్_అవతల | ఆగస్టు 15, ఉదయం 7:30

కావాలని చేసుండరు. స్టాక్‌లో “15.6 ఫుల్ హెచ్‌డీ” అని ఒకే వరసలో రెండు పార్ట్ నంబర్లు కనిపిస్తాయి, ఏది ఉంటే అది వస్తుంది. హెల్ప్‌లైన్ ఫిర్యాదు మూసేశారా? మూసేయకపోతే అందులోనే రాయండి. “రంగు బాగాలేదు” అని రాయకండి, అది అభిప్రాయం. “కొన్నప్పటి ప్యానెల్ ఫలానా, వేసింది ఫలానా, మోడల్ వివరాల్లో 100 శాతం అని ఉంది” అని రాయండి. నంబరుకి నంబరు చూపిస్తే మావాళ్లు వాదించలేరు.

లా_పాయింట్ | ఆగస్టు 15, ఉదయం 10:12

ఆయన చెప్పినట్టే చేయండి. వారంటీ కింద ఇచ్చేది అమ్మిన వస్తువు కన్నా తక్కువ రకమైతే అదీ సేవాలోపమే అని వాదించవచ్చు. ఇంజినీరు ఇచ్చిన సర్వీస్ రిపోర్టులో కొత్త పార్ట్ నంబరు ఉంటుంది, దాన్ని జత చేయండి. “సంతృప్తి చెందాను” అనే గడిలో టిక్ పెట్టారా?

తెనాలి_ఆల్బమ్స్ | ఆగస్టు 15, ఉదయం 10:30

పెట్టాను మేడమ్. ఓటీపీ కూడా చెప్పేశాను. గీత పోయిందన్న సంతోషంలో.

లా_పాయింట్ | ఆగస్టు 15, ఉదయం 10:34

పెట్టారా. సరే, అదే రోజు రాత్రి తేడా గమనించానని తేదీతో రాయండి. చీరా ప్రింటూ పక్కపక్కన పెట్టిన ఫొటో పంపండి.

తెనాలి_ఆల్బమ్స్ | ఆగస్టు 30, రాత్రి 8:50

నిన్న అసలు రకం ప్యానెల్ వేశారు. వినాయక చవితి నిమజ్జనం ఊరేగింపులో చిక్కుకుని ఇంజినీరు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఈసారి ఓటీపీ చెప్పేముందు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరిచి, నంబరు సరిచూసి, ఆ కుంకుమ చీర ఫొటో తెరిచి ప్రింటు పక్కన పెట్టి చూశాను. ఆ అబ్బాయి పాపం నా మొహం కేసి, స్క్రీన్ కేసి మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. కుంకుమే.

మొత్తం 33 రోజులు. ఖర్చు బెజవాడకి రెండుసార్లు రైలు చార్జీ, ఒకపూట భోజనం. మార్చిన పార్టుకి 90 రోజులు గానీ మిగిలిన వారంటీ గానీ, ఏది ఎక్కువైతే అది వర్తిస్తుందని రిపోర్టులో ఉంది. శ్రావణం ఆల్బమ్‌లు టీవీ మీదే అయిపోయాయి. ఇప్పుడు భాద్రపదం, ముహూర్తాలు లేవు. మంచి స్క్రీన్ ఉంది, పని లేదు.

కడప_అక్క | ఆగస్టు 30, రాత్రి 9:02

ఇంతకీ ఆ నొక్కు ఎట్లా పడిందప్పా?

తెనాలి_ఆల్బమ్స్ | ఆగస్టు 30, రాత్రి 9:10

పాపని అడిగాను. ముగ్గు గిన్నె అంది.